సెల్లారు గదికి గడప

పొద్దున్నే గేటు తాళం తీయక ముందు రాజయ్య పుస్తకం తెరిచేవాడు.

సెల్లారులో నీళ్ళ మోటారు పక్కనున్న కుళాయి దగ్గర కాళ్ళూ చేతులూ కడుక్కుని, తడి పూర్తిగా పోయేదాకా తువాలుతో తుడుచుకుని, గూట్లో ఎర్రగుడ్డ చుట్టి పెట్టిన పుస్తకాన్ని దించేవాడు. కళ్ళకు అద్దుకునేవాడు. కళ్ళు మూసుకుని ఎక్కడో ఒకచోట విప్పి, చూపుడువేలు ఒక వరుస మీద ఆనించేవాడు. ఆ వేలు కదలనివ్వకుండా, పుస్తకాన్ని పసిబిడ్డలా మోచేతి మీద పెట్టుకుని గేటు దాకా నడిచి వచ్చేవాడు.

ఆయనకు చదువు రాదు. అందుకని మొదట కనబడినవాళ్ళను ఆపేవాడు. పాల ప్యాకెట్లు వేసే మనిషి కావచ్చు, బూట్లు బిగించుకుని పరుగుకు బయల్దేరిన కుర్రవాడు కావచ్చు, రాత్రంతా బండి తిప్పి ఎదురు గల్లీలోని తన గదికి చేరుతున్న క్యాబ్ డ్రైవరు భాస్కర్ కావచ్చు.

"జర గీ వేలు కింద ఏం రాసున్నదో సదివి పోరాదే."

వాళ్ళు చదివేవారు. ఆ వరుస ఏం చెబితే ఆ రోజుకు రాజయ్యకు అదే ఆజ్ఞ. అర్థం విడమరిచి చెప్పబోతే వినేవాడు కాదు. రాసింది రాసినట్టే.

నల్లగండ్లలోని ఆ అపార్టుమెంటులో ఉన్నవాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు. ఒకనాడు "మాటలాడక యుండుటయే మహాతపము" అని వచ్చింది. ఆ వేళ సాయంత్రం దాకా గేటు దగ్గర అన్నీ చేతి సైగలే. కొత్తగా వచ్చిన కొరియరు మనిషి మూగవాడనుకుని జాలిపడి, తన సంచిలోని అరటిపండు ఆయన చేతిలో పెట్టి పోయాడు. ఇంకోనాడు "ఆకలిగొన్న జీవి యెదుటబడిన, తనకన్న ముందు దానికే పెట్టవలెను" అని వచ్చింది. భార్య సాయమ్మ కట్టిచ్చిన జొన్నరొట్టెలు గేటు ముందు పడుకునే కుక్క తిన్నది. కుక్క తిన్నాక పిల్లి వచ్చింది. పిల్లికి సాయమ్మ పళ్ళెంలోనివి పోయాయి.

"నీ పుస్తకంల పెండ్లాం ఆకలి ముచ్చట ఏడా రాయలేదా?" అని సాయమ్మ నిలదీసింది.

"రాసే ఉంటది. నా వేలు ఇంకా ఆడిదాక పోలే," అన్నాడు రాజయ్య.

ఆ మాట విని మెట్ల మీదే కూలబడి నవ్వింది ఉమాశ్రీ. ఆమె రెండో అంతస్తులో ఒక్కతే ఉంటుంది. భీమవరం దగ్గరి పల్లె, ఇక్కడ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. పంచాయతీ బడిలో తెలుగు చదువుకున్న పిల్ల కనుక, పాత అచ్చు అయినా తడబడకుండా చదివేది. రాజయ్యకు ఆమె గొంతు మీద గురి. ఆదివారం సాయంత్రాలు ఆమె సెల్లారులోకి దిగి, ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని పుస్తకంలోంచి ఒక కథ చదివేది. చదివినంతసేపూ సాయమ్మ వెనకాల కూర్చుని ఆమె తలకు కొబ్బరినూనె రాసేది. "ఈ ఊరొచ్చాక నా తల నిమిరిన చెయ్యి ఇదొక్కటేనమ్మా" అని ఉమాశ్రీ ఒకసారి ఫోనులో తల్లికి చెప్పుకుంది.

రాజయ్య సంగతులన్నీ ఆమెకు అలా నూనె రాయించుకుంటూ విన్నవే.

ఆయనది వికారాబాద్ దిక్కు ఒక చిన్న ఊరు. ఊరి పక్కన గుట్ట, గుట్ట మీద స్వామి. ఆ స్వామి కథలే ఈ పుస్తకం. చిన్నప్పుడు రాజయ్య బర్రెలు కాసేవాడు. ఒకరోజు బర్రె ఒకటి బడి ముందుకు పరుగెడితే, దాని వెంట ఉరుకుతూ, అరుగు మీద ఎవరో పిల్లవాడు పెట్టుకున్న పుస్తకాన్ని దాటేశాడు. అక్కడ బీడీ తాగుతున్న పెద్దమనిషి ఎవరో, "పుస్తకం దాటినవ్ పోరా, ఇగ నీకు సదువు రాదు," అన్నాడట. పరాచికానికే అని ఉంటాడు. రాజయ్యను బడికి పంపకపోవడానికి ఇంట్లో ఉన్న బర్రెలే కారణం. కానీ చదువు రాకపోవడానికి ఆ దాటడమే కారణమని ఆయన ముసలితనం దాకా నమ్మాడు. అందుకే అక్షరమున్న కాగితం ఏది కనబడినా ఆయన చెయ్యి ముందు కళ్ళ దగ్గరికి పోయేది. మిర్చి బజ్జీలు పేపరులో కట్టిస్తే, బజ్జీలు గిన్నెలోకి తీసి, నూనె మరకల కాగితానికి మొక్కి మడిచి పెట్టేవాడు. పరీక్షలైపోయాక ఫ్లాట్ల పిల్లలు చెత్తడబ్బాల పక్కన పారేసిన పుస్తకాలన్నీ ఆయన మంచం కిందికి చేరాయి. దసరాకు వాటన్నిటికీ పసుపు, కుంకుమ.

"వీటిలో ఒకటి ఆదాయపన్ను లెక్కల పుస్తకమండీ," అని ఉమాశ్రీ నవ్వితే, "ఏదైతేంది బిడ్డా, సరస్వతమ్మకు లెక్కలు రావా?" అన్నాడు.

ఊళ్ళో సప్తాహం జరిగినప్పుడు కథల పుస్తకాన్ని తలమీద పెట్టుకుని ఊరంతా తిరిగే పని రాజయ్యదే. వానలు లేక ఊరు విడిచి కూలికి బయల్దేరిన రోజు, భజన గుంపు పెద్ద ఆ పుస్తకాన్ని తెచ్చి ఆయన చేతుల్లో పెట్టాడు. "మాకందరికీ సదవడమే వచ్చు. మొయ్యడం నీకొక్కనికే వచ్చు. తీసుకపో," అన్నాడు. ఆ మాట సాయమ్మ ఎన్నిసార్లు చెప్పినా, చెప్పినప్పుడల్లా రాజయ్య తల వంచుకునేవాడు.

ఈ అపార్టుమెంటుకు ఇటుకలు మోసింది వాళ్ళిద్దరే. కట్టడం అయిపోయాక మేస్త్రి చెప్పగా వాచ్‌మన్ పని దొరికింది. సామాన్లు పెట్టుకునేందుకు కట్టిన గదిలో కాపురం. సాయమ్మ మెట్లు ఊడ్చేది, పై ఫ్లాట్లలో గిన్నెలు తోమేది.

పిల్లలు లేరు. సంతానం కలుగుతుందని పుస్తకంలో ఉన్న కథను పెళ్ళైన కొత్తలో ఎంతమందితోనో చదివించుకున్నారు. కలగలేదు. "పుస్తకం అబద్ధం ఆడదు. సిన్నప్పుడు దాటిన జూడు, గా తప్పు నాది," అనేవాడు రాజయ్య. సాయమ్మ ఒక్కనాడూ కాదనలేదు. "బిడ్డ లేకుంటే ఏమాయె? గా పుస్తకాన్ని సంకనేసుకొని తిరుగుతున్నవ్ గదా, గదే బిడ్డ," అనేది. అని, ఆ ఎర్రగుడ్డను తానే ఉతికి, నీడలో ఆరేసేది.

ఆ వానాకాలంలో సాయమ్మ చిక్కిపోవడం మొదలైంది. గిన్నెలు తోముతూ తోముతూ గట్టు పట్టుకుని నిలబడిపోయేది. కడుపులో గడ్డ అన్నారు. పెద్ద దవాఖానకు తిప్పారు. భాస్కర్ కిరాయి పుచ్చుకోకుండా తన కారులో తీసుకుపోయి, వరుసలో నిలబడి, మళ్ళీ తీసుకొచ్చేవాడు. చివరికి డాక్టరమ్మ రాజయ్యను పక్కకు పిలిచి, కోయడానికి వీల్లేకుండా అంతటా పాకిందని, ఇంటికి తీసుకుపోయి నొప్పి తెలియకుండా చూసుకోవడమే మిగిలిందని చెప్పింది. ఒక మందు సీసా ఇచ్చింది. "ఇది పోస్తే నొప్పి తగ్గి నిద్ర పడుతుంది. భయపడకండి, పొయ్యండి," అని రెండుసార్లు చెప్పింది. ఆ రోజు ఉమాశ్రీ కూడా వెంట ఉంది కనుక ఆ మాటలు తానే విన్నది.

మర్నాడు పొద్దున రాజయ్య వేలు పుస్తకంలో ఒకచోట ఆగింది. గేటు దగ్గర మొదట కనబడింది భాస్కర్. కళ్ళు నులుముకుంటూ చదివాడు.

"ఎవ్వరి యింట స్వామి కథ యెడతెగక సాగుచుండునో, దానిని మెలకువతో వినువారుందురో, ఆ యింటి గడపను కాలదూతలు దాటజాలరు."

"మళ్ళ సదువు," అన్నాడు రాజయ్య.

భాస్కర్ మళ్ళీ చదివాడు. రాజయ్య అక్కడే, గేటు పక్కన నేల మీద కూర్చుని ఏడ్చాడు. సంతోషంతో ఏడ్చాడని భాస్కర్ తరవాత ఉమాశ్రీకి చెప్పాడు. "అక్కా, గా మాట నేను సదవకుంటే బాగుండేదేమో," అని కూడా అన్నాడు. కానీ అది చాలా రోజుల తరవాత.

కన్నీళ్ళు తుడుచుకుని లేచిన రాజయ్యకు ముందు కనబడింది తన గది తలుపు. ఇనప తలుపు, దాని కింద సిమెంటు నేల. సామాన్ల గది కదా, గడప పెట్టలేదు. గడపే లేకపోతే దాటకుండా ఉండేది దేన్ని?

ఆ రోజే మూడో అంతస్తుకు పోయాడు. అక్కడ కొత్తగా దిగినవాళ్ళు అల్మారాలు చేయిస్తున్నారు. వడ్రంగి పని చేసే మనిషిని బతిమాలితే, సంగతి విని ఆయన మంచి టేకు ముక్క ఒకటి కోసి, చిత్రిక పట్టి ఇచ్చాడు. చేతికిచ్చేటప్పుడు తానూ దాన్ని మొక్కి ఇచ్చాడు. రాజయ్య నేల చెక్కి, సిమెంటు కలిపి, తలుపు కింద గడప నిలబెట్టాడు. పసుపు రాశాడు. కుంకుమ బొట్లు పెట్టాడు. మంచంలోంచి సాయమ్మ చూస్తోంది.

"ఇన్నేండ్లకు నాకు గడప ఉన్న ఇల్లు ఇచ్చినవయ్యా," అంది.

అసోసియేషన్ సెక్రటరీ శ్రీనివాసరావు గారు ఆ గదిలోని కరెంటు మీటరు చూడ్డానికి వచ్చి ఆ గడప తట్టుకుని పడబోయారు. "ఏవయ్యా రాజయ్యా, ఇదేంటి? సెల్లార్లో ఎవడి అనుమతితో కట్టావు?" అని గొంతు పెంచారు. లోపల మంచం మీద సాయమ్మ లేవబోతూ కనబడింది. ఆయన గొంతు సగంలో ఆగింది. "పండగలోపు తీసెయ్యాలి," అని గొణిగి వెళ్ళిపోయారు. సాయంత్రానికి వాళ్ళింటి నుంచి మెత్తటి పరుపు ఒకటి కిందికి వచ్చింది. ఎవరు పంపారని అడిగితే, ఎత్తుకొచ్చిన మనిషి చెప్పవద్దన్నారని చెప్పాడు.

ఇక చదవడం. కథ యెడతెగక సాగాలి. రాజయ్య గడప గడపకూ పోయి చేతులు జోడించాడు. కాదన్నవాళ్ళు తక్కువ. పొద్దున భాస్కర్, మధ్యాహ్నం పై ఫ్లాట్ల గృహిణులు, సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి ఉమాశ్రీ. ఇస్త్రీ బండి ఆవిడ కూడా అక్షరాలు కూడబలుక్కుని ఒక పేజీ చదివి పోయేది. కార్లకూ స్కూటర్లకూ నడుమ, మోటారు హోరులో, స్వామి కథ సాగుతూ ఉండేది. ఆ మొదటి రోజుల్లో సాయమ్మ కొంచెం తేరుకుంది కూడా. గంజి తాగింది. లేచి కూర్చుంది. రాజయ్య ముఖం చూసి అపార్టుమెంటంతా సంతోషించింది.

కానీ మనుషులకు పనులుంటాయి. నడుమ నడుమ ఖాళీలు వచ్చేవి. ఖాళీ వచ్చినప్పుడల్లా రాజయ్య గడప మీద అడ్డంగా కూర్చుని, తలుపు రెక్క పట్టుకుని, వచ్చే దారి వైపే చూసేవాడు. ఎవరో నిజంగా వస్తున్నారని, ఆపాలని చూస్తున్నట్టే ఉండేది. ఒక సాయంత్రం ఉమాశ్రీ బస్సులో ఇరుక్కుని ఆలస్యంగా వచ్చేసరికి, ఆయన చెమటతో తడిసిపోయి ఉన్నాడు.

ఆమె మనసు ఆగలేదు. శనివారమంతా కూర్చుని పుస్తకం మొత్తం చదివి, అద్దం పగిలిన తన పాత ఫోనులో రికార్డు చేసింది. అయిపోగానే మళ్ళీ మొదటి నుంచి వచ్చేట్టు పెట్టి తెచ్చి ఇచ్చింది.

రాజయ్య ఫోనును తిప్పి తిప్పి చూశాడు. "ఫోన్ల నుంచి వస్తే లెక్కల పడుతదా బిడ్డా?"

"గొంతు నాదే కదండీ. మీరు ఎదురుగా పుస్తకం తెరిచి ఉంచండి, చాలు."

ఊరడింపుకు అన్న మాట. ఆయన దాన్నీ రాసినదాన్ని నమ్మినట్టే నమ్మాడు. స్టూలు మీద పుస్తకం, పుస్తకం మీద నెమలీక, పక్కన ఫోను. ఆ రోజు నుంచి ఆ గదిలో కథ ఆగింది లేదు.

కొన్నాళ్ళు ఉమాశ్రీకి ఆఫీసులో పని ఊపిరాడనివ్వలేదు. రోజూ పైనుంచే "ఎలా ఉందండీ?" అని అడిగి పోయేది. "మంచిగున్నది బిడ్డా, మేలుకొనే ఉన్నది," అనేవాడు రాజయ్య. ఆ జవాబులో ఏదో తేడా ఉందని ఆమెకు తోచలేదు.

ఇంటి నుంచే పని చేసుకోవచ్చన్న ఒక రోజున, మధ్యాహ్నం వేళ, జావ కాచుకుని కిందికి దిగింది. చెప్పులు బయట విడిచి, గడప తగలకుండా దాటి లోపలికి పోయింది. తన గొంతే తనకు ఎదురొచ్చింది. గుట్ట మీది ఊటనీళ్ళ కథ నడుస్తోంది. సాయమ్మ కొంగు నోట్లో కుక్కుకుని పడుకుని ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. వాటి కింద నల్లగా గుంటలు. రాజయ్య పక్కన కూర్చుని, తడిగుడ్డతో ఆమె ముఖం తుడుస్తున్నాడు.

"కండ్లు మూస్తున్నవ్. మూయకు. ఇంక జరసేపు. ఇనురాదే, నీకిష్టమైన కథనే గదా."

సాయమ్మ ఉమాశ్రీని చూసి కొంగు తీసేసింది. నవ్వింది. "వచ్చినవా బిడ్డా. నీ గొంతు రోజూ ఇంటున్న. నిన్నే సూస్తలేను."

"నొప్పిగా ఉందా సాయమ్మా?"

"ఉన్నదో లేదో గాయన్నడుగు," అని కళ్ళతో బయటికి చూపించింది. "యముడు ఆడనే ఉన్నడు, స్కూటర్ల పక్కన. రోజులసంది నిలబడ్డడు. కాళ్ళు గుంజుతున్నయేమో పాపం. మీ రాజయ్యేమో లోపటికి రానిస్తలేడు. దున్నపోతుకు విజిటర్ల పార్కింగుల జాగ లేదంట."

నవ్వబోయింది. నవ్వు మధ్యలో నొప్పి పట్టేసింది. మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని, గోడకు తల ఆనించి, శబ్దం రాకుండా వణికింది. రాజయ్య ఆమె చేతిని రెండు చేతులతో పట్టుకుని కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

"ఆ మందు సీసా ఏదండీ? పోస్తున్నారా?" అంది ఉమాశ్రీ.

రాజయ్య చూపు గూటి వైపు పోయింది. గూట్లో, పుస్తకం ఉండే చోట, స్వామి పటం వెనక సీసా కనబడింది. మూత బిగించిన బిగింపు విప్పనే లేదు.

"రాజయ్య గారూ! ఒక్క చుక్క కూడా పొయ్యలేదా?"

"పోస్తే నిద్ర పోతది గదమ్మా. డాక్టరమ్మ నీ ముందల్నే చెప్పింది. మెలకువతో వినువారు అని ఉన్నది పుస్తకంల, నేనొక్కన్ని ఇంటే సాలదు. నిద్ర పోయిందంటే..." గడప వైపు చూశాడు. "నేనెట్ల పోస్త బిడ్డా? నా చేతులతోని నేనే తలుపు తెరిచినట్టు గాదా?"

"మెలకువ అంటే అది కాదండీ. మనసు పెట్టి వినమని..."

"గట్ల ఏడ రాసున్నది? సూపియ్యి."

ఎదిరించి అన్న మాట కాదది. నిజంగానే చూపిస్తే చాలునన్న ఆశతో అడిగాడు. ఉమాశ్రీ పుస్తకం చేతిలోకి తీసుకుంది. పేజీలు తిప్పింది. స్వామి ఎంతమందిని కాచాడో ఉంది. నొప్పితో ముడుచుకుపోయిన మనిషికి మందు పోయవచ్చునని ఎక్కడా లేదు. అవతల సాయమ్మ మళ్ళీ కొంగు నోట్లో పెట్టుకుంది. ఉమాశ్రీ ఇక ఆగలేకపోయింది. ఒక పేజీ దగ్గర నిలిచి, పాత అచ్చు చదివే గొంతుతోనే గబగబా అనేసింది.

"రోగపీడితులు నిదురించిన దోషము లేదు. వారి నిదురయే మెలకువగా స్వామి యెంచును."

రాజయ్య ముఖం ఒక్కసారి వెలిగింది. "ఉన్నదా? గట్ల ఉన్నదా బిడ్డా? ఏడ? జర నా వేలు దాని మీద పెట్టు."

చెయ్యి చాచాడు. ఇటుకలు మోసి, సిమెంటు కలిపి మొద్దుబారిన వేలు. ఉమాశ్రీ ఆ వేలిని పట్టుకుంది. పేజీ దగ్గరికి తెచ్చింది. ఏ వరుస మీద పెట్టినా సరే, ఇక బతికినన్నాళ్ళూ ఆయన దాన్ని కళ్ళకద్దుకుంటాడు. పొద్దున్నే దాన్నే వెతుక్కుంటాడు. ఎవరో ఒకరు ఏదో ఒకనాడు అక్కడ ఉన్నదేమిటో చదివి చెబుతారు. ఆ వేలు ఆమె చేతిలో, కాగితానికి కొంచెం పైన, అలాగే ఆగిపోయింది.

"లేదండీ," అంది. "అలా లేదు. నేనే కల్పించాను."

రాజయ్య కోప్పడలేదు. వేలు మెల్లగా వెనక్కి తీసుకున్నాడు. "నా బాధ సూడలేక అన్నవ్ లే తల్లీ. స్వామి ఏమనుకోడు," అన్నాడు. తిట్టినా బాగుండేది. ఉమాశ్రీకి కన్నీళ్ళు ఆగలేదు.

అప్పుడు మంచం మీది నుంచి సాయమ్మ పిలిచింది.

"ఇగో అయ్యా. ఇటు సూడు."

రాజయ్య తిరిగాడు.

"పుస్తకంల ఉన్నది నిజమే. నేనెన్నడన్న అబద్ధమన్ననా? కథ నడుస్తున్నది, నేను మేలుకొని ఉన్న, గడప పెట్టినవ్. గందుకే వాళ్ళు వస్తలేరు. నాకు ఎరుకనే. గని వాళ్ళు రారనే రాసిండ్రయ్యా. నొప్పి రాదని రాయలే. అది రోజూ దాటి వస్తనే ఉన్నది."

ఫోనులో ఉమాశ్రీ గొంతు కథ చెప్పుకుపోతోంది. ఎవరూ దాన్ని వినడం లేదు.

"అన్నీ పుస్తకాన్ని అడిగినవ్," అంది సాయమ్మ. "నన్నొక్కదాన్నే అడుగలే."

రాజయ్య ఆమెనే చూశాడు. పైన ఎవరిదో కారు హారన్ మోగింది. అలవాటు చొప్పున లేచి, గడప దాటి, గేటు తీయడానికి పోయాడు. కారు వెళ్ళిపోయాక కూడా తెరిచిన గేటు పట్టుకుని అలాగే నిలబడి ఉన్నాడు. ఉమాశ్రీ జావ గిన్నె మంచం పక్కన పెట్టి, సాయమ్మ తల ఒళ్ళోకి తీసుకుంది. నూనె లేని ఆ పలచటి జుట్టును వేళ్ళతో నిమురుతూ కూర్చుంది. "నీ చెయ్యి సల్లగున్నది బిడ్డా," అంది సాయమ్మ.

మర్నాడు తెల్లవారేసరికి సన్నగా వాన పడుతోంది. ఉమాశ్రీ కిందికి దిగింది. గేటు తాళం వేసే ఉంది. పాల ప్యాకెట్ల మనిషి బయట నిలబడి, లోపలికి చూస్తున్నాడు కానీ పిలవడం లేదు. ఆమె తన దగ్గరున్న తాళంచెవితో గేటు తీసి ఆయన్ను లోపలికి పంపించి, సెల్లారులోకి నడిచింది.

గది ముందు సిమెంటు పెళ్ళలు కుప్పగా ఊడ్చి పెట్టి ఉన్నాయి. టేకు గడప స్కూటర్ల పక్కన గోడకు ఆనించి ఉంది. దాని పసుపు కుంకుమ చెరగలేదు. అది ఉన్న చోట నేల మీద తడి గీత ఒకటి, ఇటు నుంచి అటు.

లోపల సాయమ్మ నిద్రపోతోంది. నోరు కొంచెం తెరుచుకుని ఉంది. నుదుటి మీద ముడతలు పోయాయి. చిన్న గ్లాసు, మందు సీసా మంచం కోడు దగ్గర ఉన్నాయి. సీసా మూత తీసి ఉంది. స్టూలు మీద పుస్తకం తెరిచే ఉంది. ఫోను చెబుతూనే ఉంది.

రాజయ్య స్టూలు ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. స్నానం చేశాడు. విబూది పెట్టుకున్నాడు. రెండు చేతులూ పుస్తకానికి రెండు పక్కలా ఆనించి ఉన్నాడు. చాలాసేపటి నుంచి అలాగే ఉన్నట్టున్నాడు. గోళ్ళ చివర సిమెంటు, వేళ్ళకు నెత్తురు.

"పోసినరా మందు?" అంది ఉమాశ్రీ, తనకు తెలియకుండానే ఆయన మాటతీరులో.

"పోసిన. పోయబోయే ముందల అడిగిన. పొయ్యి అన్నది. మంచిగ పండుకున్నది. ఎన్ని దినాలాయెనో, గిట్ల పండుకొని." ఆయన ఆమె వైపు చూడలేదు. "ఇయ్యాల వేలు పెట్టలే బిడ్డా. ఏం రాసున్నదో అడుగలే. గడపంటే నేను పెట్టిందే. తీసిన. మందు డాక్టరమ్మ ఇచ్చిందే. పోసిన. గని ఇది..."

చేతులు ఎత్తి చూపాడు. అవి పుస్తకం అట్టల దాకా వచ్చి, అక్కడే ఆగాయి.

"ఇదొక్కటి నాతోని అయితలేదు. సిన్నప్పుడు దాటిననని ఇన్నేండ్లు మోసిన దీన్ని. ఇప్పుడు మూయనికి చెయ్యి ఆడుతలేదు."

ఉమాశ్రీ ఆయన పక్కన నేల మీద కూర్చుంది. వాన నీళ్ళు సెల్లారు వాలులోంచి సన్నగా లోపలికి జారుతున్నాయి. అడ్డం లేని తలుపు ముందు వచ్చి ఆగాయి.

"గా ఫోన్ల గొంతు నీదే గదా తల్లీ. సదివిన నోరు నీదే. ఒక్క మాట అడుగుత, కాదనకు." రాజయ్య నెమలీక తీసి తన చేతిలో పెట్టుకున్నాడు. "నువ్వే ముయ్యి. నెమలీక పెట్టకు, మళ్ళ ఆడికెల్లి సదవాలె అనిపిస్తది. సప్పుడు కాకుంట ముయ్యి బిడ్డా. ఇప్పుడే పండుకున్నది."